మాటకు ముందు ఏడాది



పిల్లలకు మాటలు ఆలస్యమైతే మన ఇళ్ళలో అందరి చూపూ ముందు నాలుక మీదికే పోతుంది. వసకొమ్ము అరగదీసి నాకించారా లేదా అని అమ్మమ్మ అడుగుతుంది. నాలుక కింద నరం అతుక్కుపోయి ఉంటుంది, డాక్టరు చేత కోయిస్తే సరి అని పక్కింటావిడ అంటుంది. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు నిండాకే మాటలు వచ్చాయి, ఇప్పుడు ఆపమన్నా ఆపడు కదా అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. అన్నీ మంచి మనసుతో అన్న మాటలే. ఇన్ని మాటల్లో చెవి ఊసు మాత్రం రాదు.

పరిశోధకులు మాత్రం యాభై ఏళ్ళకు పైగా చెవినే పట్టుకుని ఉన్నారు. బిడ్డ నోట మొదటి మాట వచ్చేసరికి, ఆ బిడ్డ చెవి ఏడాది పాటు భాష మీద కష్టపడి ఉంటుంది. ఆ ఏడాదిలో ఏం జరుగుతుందో, చెవి పనిచేయకపోతే ఏం జరగకుండా పోతుందో ఈ పూట చెప్పుకుందాం.

మాట రాని బిడ్డను నీకేం వినిపిస్తోంది అని అడగడం ఎలా? 1971లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఐమస్, ఆయన సహచరులు ఒక ఉపాయం కనిపెట్టారు. నెల పిల్లల నోట్లో, నాలుగు నెలల పిల్లల నోట్లో పాలపీక పెట్టారు. అందులోంచి పాలు రావు. బిడ్డ ఎంత గట్టిగా, ఎన్నిసార్లు చప్పరించిందో లెక్కపెట్టే పరికరానికి దాన్ని కలిపారు. బిడ్డ చప్పరించినప్పుడల్లా 'బ' అనే శబ్దం వినిపిస్తుంది. మొదట్లో హుషారుగా చప్పరిస్తుంది. అదే శబ్దం మళ్ళీ మళ్ళీ వినేసరికి విసుగు పుట్టి నెమ్మదిస్తుంది. అప్పుడు 'బ' తీసేసి 'ప' వినిపించారు. చప్పరింపు మళ్ళీ జోరందుకుంది. ఆ రెండు ధ్వనులూ వేరని నెల బిడ్డకే తెలుసన్నమాట.

1980లో నార్త్ కరోలినాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ ఇదే పాలపీకతో ఇంకో సంగతి తేల్చారు. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు, తల్లి గొంతు వినిపించడం కోసం తమ చప్పరింపు తీరునే మార్చుకున్నారు. పరాయి స్త్రీ గొంతు కోసం అంత శ్రమ పడలేదు. గర్భంలో ఆరో నెల దాటేసరికి చెవి పని మొదలుపెడుతుంది కాబట్టి, పుట్టేనాటికే ఆ గొంతు బిడ్డకు పాత పరిచయం. ఇలా చెప్పగానే మనవాళ్ళకు తల్లి కడుపులోనే పద్మవ్యూహం సంగతి విన్న అభిమన్యుడు గుర్తుకొస్తాడు. నాకు ఆ కథ ఇష్టమే గానీ, పొట్ట మీద స్పీకరు ఆనించి శ్లోకాలూ ఎక్కాలూ వినిపించమనే వ్యాపారం మీద నమ్మకం లేదు. తల్లి ఒంటిని దాటి లోపలికి వెళ్ళేసరికి కీచు ధ్వనులు చాలావరకు అణిగిపోతాయి. బిడ్డకు అందేది అర్థం కాదు, గొంతులోని ఎత్తుపల్లాలు, లయ. తల్లి మామూలుగా ఇంట్లో మాట్లాడుకుంటూ ఉంటే అవి వాటంతటవే చేరతాయి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం. దీనికీ మన భాషకూ దగ్గరి సంబంధం ఉంది. పాత, పాట. కోతి, కోటి. ఈ జంటల్లో తేడా మనకు పగటివెలుగంత స్పష్టం. నాలుక కొన పళ్ళను తాకితే త, వెనక్కి మడతపడి అంగిలిని తాకితే ట. ఇంగ్లీషు ఒక్కటే వింటూ పెరిగినవాళ్ళకు ఈ రెండూ ఒకటిలాగే వినిపిస్తాయి. అమెరికాలో మనవాళ్ళ పేర్లు సహోద్యోగుల నోట పడి ఏమవుతాయో అక్కడి తెలుగువాళ్ళను అడిగితే చెబుతారు. అది అశ్రద్ధ కాదు పాపం, వాళ్ళ చెవికే ఆ తేడా అందదు.

మరి వాళ్ళ పిల్లలకు? కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ఇదే ప్రశ్న వేసింది. హిందీలోని త, ట తీసుకున్నారు. బిడ్డ తల్లి ఒళ్ళో కూర్చుంటుంది. స్పీకరులోంచి త, త, త అని వస్తూ ఉంటుంది. అది ట అయిన క్షణాన, పక్కనున్న చీకటి పెట్టెలో దీపం వెలిగి ఆటబొమ్మ డోలు వాయిస్తుంది. కొన్నిసార్లు ఇలా జరిగాక, శబ్దం మారితే బొమ్మ ఆడుతుందని బిడ్డకు తెలిసిపోయి ముందే అటు తల తిప్పుతుంది. తల తిప్పిందంటే తేడా పట్టినట్టే. తల్లి తనకు తెలియకుండానే కదిలి బిడ్డకు జాడ ఇచ్చేస్తుందేమోనని ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పాటలు పెడతారు. అంత జాగ్రత్త!

ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ ఆ తేడా పట్టేశారు. వాళ్ళ అమ్మానాన్నలకు దొరకని తేడా అది. పది నుంచి పన్నెండు నెలల పిల్లల దగ్గరికి వచ్చేసరికి, పట్టగలిగినవాళ్ళు బహు కొద్దిమంది. హిందీ ఇళ్ళలో పెరుగుతున్న ఏడాది పిల్లలకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. బ్రిటిష్ కొలంబియాలోని ఒక ఆదివాసీ భాష ధ్వనులతో చేసి చూసినా ఇదే ఫలితం వచ్చింది.

పుట్టినప్పుడు ఏ భాషకైనా సిద్ధంగా ఉన్న చెవి, ఏడాది తిరిగేసరికి ఇంటి భాషకు కట్టుబడుతుంది. దీన్ని నష్టంగా చెప్పేవాళ్ళున్నారు. నేను అలా అనను. పాట అని అమ్మ గారాబంగా అన్నా, జీరపోయిన గొంతుతో తాతయ్య అన్నా అది ఒకే మాట అని తెలియాలంటే, కొన్ని తేడాలను పట్టించుకోకుండా ఉండడం కూడా రావాలి. ఏవి ఉంచుకోవాలో ఏవి వదలాలో బిడ్డ తేల్చుకునే కాలం ఏడాది లోపే. అప్పటికి నోట ఇంకా ఒక్క మాటా లేదు.

ధ్వనులు తెలిస్తే సరిపోదు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం, మాట్లాడేటప్పుడు వదలం. 'ఎక్కడికెళ్తున్నావే అమ్మలూ' అన్నప్పుడు ఊపిరి ఎక్కడా తెగదు. సంధులు చేసుకుంటూ పోయే తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. 1996లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ మూడేసి అక్షరాల ఉత్తుత్తి మాటలు కొన్ని అల్లారు. వాటిని వరసలు మార్చి మార్చి, విరామం లేకుండా, నొక్కు లేకుండా యంత్రం గొంతుతో ఎనిమిది నెలల పిల్లలకు రెండే రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏది తప్పకుండా వస్తోంది, ఎక్కడ ఏదైనా రావచ్చు అని గమనించడం తప్ప పిల్లలకు వేరే ఆధారం లేదు. ఆ రెండు నిమిషాలతోనే వాళ్ళు, అసలు మాటలేవో, రెండు మాటల అతుకు దగ్గర పుట్టిన తప్పుడు మాటలేవో వేరు చేశారు. ఊయలలో కాళ్ళాడిస్తూ పడుకున్న బిడ్డకు ఏం తెలుసులే అని మనం ఇరుగుపొరుగు కబుర్లన్నీ అక్కడే చెప్పుకుంటాం. చెప్పుకోండి, మంచిదే.

అయితే శబ్దం చెవిన పడితే చాలా? ఫోనులో పాటలు పెట్టి ఎదురుగా ఆనిస్తే పని జరిగిపోతుందా? సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కుల్ బృందం 2003లో దీనికి జవాబు చెప్పింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు 12 విడతలుగా చైనావాళ్ళ మాండరిన్ వినిపించారు. కొందరి ముందు మాండరిన్ మాట్లాడే మనిషి కూర్చుని, బొమ్మలు చూపిస్తూ పుస్తకం చదువుతూ కబుర్లు చెప్పారు. మరికొందరికి ఆ మనుషులనే, ఆ కబుర్లనే తెర మీద చూపించారు. ఇంకొందరికి ఉత్త గొంతు వినిపించారు. మనిషితో గడిపిన పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాను తైవాన్ పిల్లలతో సమానంగా పట్టారు. తెర చూసినవాళ్ళు, గొంతు విన్నవాళ్ళు అసలు మాండరిన్ విననివాళ్ళకన్నా ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఫోను చూపిస్తే గానీ ముద్ద దిగడం లేదనే తల్లుల కష్టం నాకు తెలుసు. ముద్ద సంగతి ఏమో గానీ, ఆ ఫోను మాటలు నేర్పుతోందని మాత్రం సర్దిచెప్పుకోవద్దు.

ఇప్పుడు ఈ పనంతా చేయాల్సిన చెవే మూసుకుపోయి ఉంటే? వెయ్యిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా చెప్పుకోదగ్గ వినికిడి లోపంతో పుడతారని ప్రపంచమంతటా ఉన్న అంచనా. మన దేశంలో చేసిన కొన్ని సర్వేల్లో అంతకన్నా ఎక్కువే కనిపించారు. ఈ లోపం కంటికి ఆనదు. పైగా మోసం చేస్తుంది. పుట్టు చెవుడు ఉన్న బిడ్డ కూడా రెండు మూడు నెలలకు 'ఉంగా ఉంగా' అంటుంది, కేరింతలు కొడుతుంది. ఇంట్లో ఎవరికి అనుమానం వస్తుంది? 1988లో కింబ్రో ఆలర్, రెబెకా ఐలర్స్ ఈ విషయాన్ని వివరంగా చూపించారు. వినగలిగే పిల్లలు పదో నెల నిండేలోపు బబబ, దదద అంటూ అచ్చమైన అక్షరాలను వల్లించడం మొదలుపెట్టేశారు. వినలేని పిల్లలెవరూ పదకొండో నెలకు ముందు ఆ మెట్టు ఎక్కలేదు. కొందరికి ఇంకా చాలా ఆలస్యమైంది. ఉంగాకు చెవి అక్కర్లేదు గానీ, బబబకు కావాలి.

పళ్ళెం మోగించి చూశాం, ఉలిక్కిపడ్డాడు అని చాలామంది చెబుతారు. దీపావళి టపాసులకు ఏడ్చాడు, చెవులు బాగానే ఉన్నాయి అంటారు. టపాసు మోత చాలా పెద్దది, అదీగాక ఒంటికి అదురుగా కూడా తెలుస్తుంది. పళ్ళెం పట్టుకున్న చెయ్యి కంటికొసకు కనబడుతుంది. వినికిడి లోపం అంటే మొత్తం నిశ్శబ్దం అనుకోవడంలోనే ఉంది పొరపాటు. కొందరికి మోటు శబ్దాలు బాగా అందుతాయి, సన్న శబ్దాలు అందవు. తలుపు చప్పుడుకు తిరిగే బిడ్డకు స, శ, త, క లాంటి ధ్వనులు ఒక్కటీ చేరకపోవచ్చు. అలాంటి బిడ్డ పిలిస్తే పలుకుతాడు, మాటలు మాత్రం సగం సగం వస్తాయి. మొండివాడు, చెప్పిన మాట వినడు అని పేరు పెడతాం.

మా వంశంలో ఎవరికీ చెవుడు లేదు అనేది ఇంకో ధీమా. అమెరికా లెక్కల్లో వినికిడి లోపమున్న పిల్లలు పదిమందిలో తొమ్మిది మందికి పైగా చక్కగా వినగలిగే తల్లిదండ్రులకు పుట్టినవాళ్ళే. వినికిడికి కావాల్సిన జన్యువు జంటలో ఒక నకలు బాగుండి, ఒకటి చెడిపోయి ఉన్న మనిషికి వినికిడి మామూలుగానే ఉంటుంది. అలాంటి ఇద్దరు పెళ్ళాడినప్పుడు, రెండు చెడ్డ నకళ్ళూ ఒకే బిడ్డకు చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఆ ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ నకలు ఉండే వీలు ఎక్కువ. మేనమామను, మేనబావను చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరుగుతుందని కాదు. కానీ మేనరికం ఉన్న ఇంట పుట్టిన బిడ్డకు చెవి పరీక్ష చేయించకుండా ఉండడానికి మాత్రం ఏ సాకూ లేదు.

పరీక్ష అనగానే పసిబిడ్డను ఏం చేస్తారో అని భయపడతారు. ఆ పరీక్ష వెనుక కథ చెబుతాను, భయం పోతుంది. 1978 దాకా చెవి అంటే శబ్దం లోపలికి వెళ్ళే దారి అనే అందరి లెక్క. ఆ ఏడు లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త చెవిలోంచి శబ్దం బయటికి కూడా వస్తుందని చూపించాడు. చెవిలో చిన్న మైకు పెట్టి టిక్కుమనే శబ్దం వినిపిస్తే, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత లోపలి నుంచి సన్నని ప్రతిధ్వని లాంటిది వెనక్కి వచ్చింది. థామస్ గోల్డ్ అనే ఆయన 1948లోనే చెవిలో ఇలాంటిది జరగాలని అన్నాడు గానీ అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగాన్ని కాక్లియా అంటారు. అందులో ఉండే బయటి వరస రోమకణాలు శబ్దానికి తామే సాగి ముడుచుకుని దాన్ని పెద్దది చేస్తాయి. ఆ కదలిక చప్పుడే బయటికి వస్తుంది. కణాలు దెబ్బతింటే ఆ చప్పుడు రాదు. ఆసుపత్రుల్లో ఓఏఈ అని పిలిచే పరీక్ష ఇదే. బిడ్డ పాలు తాగి నిద్రపోతూ ఉంటే చెవిలో మెత్తటి గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. సూది లేదు, మత్తు లేదు.

దీనికి ఒక పరిమితి ఉంది. ఇది రోమకణాల దాకానే చూస్తుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరాన్ని చూడదు. నెలలు నిండకుండా పుట్టి అద్దాలపెట్టెలో ఉన్న పిల్లలకు, కామెర్లు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చిన పిల్లలకు దెబ్బ ఆ నరం దారిలోనే తగిలి ఉండవచ్చు. వాళ్ళకు బేరా పరీక్ష కూడా కావాలి. తలకు అతికించిన చిన్న తీగలు, శబ్దం మెదడుకాండం దాకా చేరిందో లేదో చెబుతాయి.

ఇంత తొందర ఎందుకు, ఏడాది చూద్దాం అనేవాళ్ళకు అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నుంచి సమాధానం ఉంది. క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో వినికిడి లోపమున్న 150 మంది పిల్లలను పోల్చి చూసింది. 72 మందికి ఆరు నెలలలోపే లోపం బయటపడింది, 78 మందికి ఆ తర్వాత. కనిపెట్టిన కొద్ది కాలానికే అందరికీ చెవి మిషన్లు, శిక్షణ అందాయి. ముందు బయటపడిన పిల్లల భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం కొంచెమా ఎక్కువా, ఇంట్లో డబ్బు ఉందా లేదా, మాటతో నేర్చారా సైగలతో నేర్చారా అన్నవేవీ ఆ తేడాను చెరపలేదు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స అని ఇప్పుడు చాలా దేశాలు పాటించే లెక్క ఇలాంటి పరిశోధనల మీద నిలబడిందే.

చెవి మిషన్ సరిపోనంత లోపం ఉంటే, కాక్లియాలోకి సన్నని తీగ దూర్చి నేరుగా నరానికి శబ్ద సంకేతాలు అందించే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం కింద చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ ఉచితంగా చేయడం మొదలయ్యాక, లక్షల ఖర్చును తలచుకోలేని ఇళ్ళకు కూడా దారి దొరికింది. దీనికీ వయసు అడ్డు ఉంది. భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త అను శర్మ, ఆమె సహచరులు అమెరికాలో 2002లో చూపించింది అదే. మూడున్నరేళ్ళలోపు ఇంప్లాంట్ పెట్టినప్పుడు, శబ్దానికి మెదడు స్పందించే వేగం కొన్ని నెలల్లోనే మామూలు పిల్లల స్థాయికి వచ్చింది. ఏడేళ్ళు దాటాక పెట్టిన పిల్లల్లో ఎక్కువమందికి రాలేదు. శబ్దం అందని మెదడు భాగం ఊరికే కూర్చోదు, వేరే పనికి మళ్ళిపోతుంది. ఆపరేషన్ అయిన మర్నాడే గడగడా మాట్లాడతాడని ఆశపడి, తర్వాత థెరపీకి రావడం మానేసే కుటుంబాలు ఉండడం నాకు బాధ కలిగించే విషయం. మిషన్ ఆన్ చేసిన రోజు ఆ బిడ్డ చెవికి పుట్టినరోజు. ఇందాక చెప్పిన ఏడాది పని అక్కడి నుంచి మొదలవుతుంది.

సైగ భాష గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మాంట్రియల్‌లో లారా పెటిట్టో, పౌలా మారెంటెట్ 1991లో, సైగ భాష వాడే బధిర తల్లిదండ్రుల పిల్లలు చేతులతోనే బబబ లాంటి ఆట ఆడతారని చూపించారు. మిగతా పిల్లలు నోటితో వల్లించే వయసులోనే, వీళ్ళ వేళ్ళు సైగల తునకలను తిప్పి తిప్పి వల్లిస్తాయి. మెదడు వెతుక్కునేది భాషను, అది ఏ దారిన వచ్చినా సరే. సైగలు చేస్తే మాట రాదని బిడ్డ చేతులు పట్టి ఆపే సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. దానికి గట్టి ఆధారం లేదు. ఏ భాషా అందకుండా మూడు నాలుగేళ్ళు గడిచిపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. భారతీయ సైగ భాషకు 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రం ఏర్పడింది.

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ చెవి లోపమే ఉంటుందని నేను అనడం లేదు. చెవి బాగా ఉండి, తెలివి బాగా ఉండి, భాష మాత్రం కూడిరాని పిల్లలు ఉంటారు. అమెరికాలోని అయోవాలో 1997లో జరిగిన సర్వేలో కిండర్‌గార్టెన్ పిల్లల్లో సుమారు 7 శాతం మంది ఇలాంటివాళ్ళు. ఇంకొందరికి ఆటిజం ఉండవచ్చు. ఏదైనా సరే, మొదటి పరీక్ష చెవికే. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు ఉంటే పిల్లాడు గందరగోళపడి మాట మానేస్తాడన్నది మాత్రం అపోహ. డాలస్‌లో అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో అయినా, ఈ భయంతో తెలుగు మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లీషులో బిడ్డతో పొడిపొడిగా మాట్లాడేవాళ్ళు, బిడ్డకు అందాల్సిన కబుర్లను తామే తగ్గించేస్తున్నారు.

ఎక్కడికి వెళ్ళాలి? కాన్పు అయిన ఆసుపత్రిలోనే, ఇంటికి పంపే ముందు ఓఏఈ చేస్తారా అని అడగండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పటి నుంచి పుట్టు చెవుడు దాని జాబితాలో ఉంది. ఆ పథకం కింద అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందానికి చెబితే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట ముంబైలో 1983లో మొదలైన వినికిడి లోపాల జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

పుట్టినప్పుడు పరీక్షలో పాసైన బిడ్డకు ఆ తర్వాత వినికిడి తగ్గకూడదని ఏమీ లేదు. తరచూ జలుబు చేసి కర్ణభేరి వెనుక నీరు నిలవడం, చెవిలో చీము కారడం, గవదబిళ్ళలు, ఏదైనా కారణం కావచ్చు. చీము కారే చెవిలో నూనె మాత్రం పోయకండి. అన్నిటికన్నా తొందరపడాల్సింది బాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచే జ్వరం, అంటే మెనింజైటిస్ వచ్చినప్పుడు. బిడ్డ బతికి బయటపడ్డాడన్న సంతోషంలో చెవి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ జబ్బు తర్వాత కొందరి కాక్లియాలో వారాల్లోనే ఎముక పెరగడం మొదలై, ఇంప్లాంట్ తీగ దూర్చడానికి దారి లేకుండా పోతుంది. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చే ముందే వినికిడి పరీక్ష చేయించండి.